బిందెమ్మకు ఎన్నో నెల?

“ఎన్నో నెల?”

కుట్టు మిషను ఆపి, తల ఎత్తకుండానే అడిగింది ఇల్లాలు. పొద్దుటి నుంచి ఆ ప్రశ్న ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో లెక్క లేదు. గోడలకి నోరుంటే అవి కూడా ఓసారి అడిగేసేవి.

మంచం చివర కూర్చున్న మొగుడు జవాబు చెప్పలేదు. బెల్లం కొట్టిన రాయికీ అతనికీ నిన్నటి నుంచి తేడా తెలియడం లేదు. ఇల్లాలు అతనికి మౌనస్వామి అని పేరు పెట్టి చాలా ఏళ్ళయింది. అప్పట్లో అది ముద్దుకి పెట్టిన పేరు.

“మిమ్మల్నే. మా అక్కని అడగడానికి నోరొచ్చిందిగా, నాకు చెప్పడానికి రాదా?”

“నువ్వనుకుంటున్నట్టు కాదు.”

“నేనేమనుకుంటున్నానో మీకు తెలుసా?”

“తెలుసు.”

“మరైతే కాదని ఒట్టేయండి.”

“ఒట్టు. కాదు.”

“అయితే ఎవరావిడ?”

మళ్ళీ రాయి. ఇల్లాలు పళ్ళతో పటుక్కున దారం తెంపింది. కత్తెర పక్కనే ఉంది.

విషయం నిన్న సాయంత్రం బయటపడింది. ఇల్లాలి అక్క పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. పళ్ళ సంచి పట్టుకుని, మొహమంతా నవ్వు చేసుకుని వచ్చింది. “ఎన్నాళ్ళకే! నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం? మీ ఆయన ఫోన్ చేస్తేగానీ తెలియలేదు” అంటూ చెల్లెలి పొట్ట మీద చెయ్యి వేసింది. ఆ పొట్టలో మధ్యాహ్నం తిన్న అన్నం తప్ప ఏమీ లేదు.

మరిది ఫోన్‌లో అడిగిన ప్రశ్నని నర్సక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది. ‘వదినా, ఒక ఆడమనిషి నడుస్తూ నడుస్తూ ఆగి రెండు చేతులూ నడుం వెనక ఆన్చుకుంటుంది. కాళ్ళు ఎడంగా వేస్తుంది. వంగి ఏదీ తీసుకోదు, గోడ పట్టుకుని కూర్చుని తీసుకుంటుంది. ఇదివరకు నిండు బిందె మోసేది, ఈ మధ్య సగమే మోస్తోంది. ఎన్నో నెల అనుకోవచ్చు? కాన్పుకి ఇంకా ఎంత టైముంటుంది?’ నర్సక్క ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి, ఎనిమిది నిండి తొమ్మిదో నెల పడిందని, నెలాఖరుకి అటూ ఇటూగా కాన్పు అని చెప్పింది. డ్యూటీల్లో పడి చాలా నెలలుగా చూడలేదు కాబట్టి చెల్లెలి గురించే అనుకుంది. మరిది కాదనలేదు.

ఆ పళ్ళ సంచి ఇంకా బల్ల మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

గుమ్మం దగ్గర పీట వేసుకుని బఠాణీలు వలుస్తున్న అత్తగారు ఇక ఉండబట్టలేకపోయింది.

“నా కొడుకు అలాంటివాడు కాదమ్మాయ్. ఆడవాళ్ళ వంక తలెత్తి చూడటమే వాడికి చేతకాదు. పెళ్ళికి ముందు నిన్ను చూసొచ్చాక పిల్ల ఎలా ఉందిరా అంటే, చెప్పులు బాగున్నాయమ్మా అన్నాడు.”

“చెప్పులు చూసినాయనే ఇప్పుడు ఎవరి నడుమో చూస్తున్నారు అత్తయ్యా.”

“నిజమే అనుకో.” అత్తగారు కాసేపు బఠాణీల మీద దృష్టి పెట్టింది. “అయినా జరిగిందేదో జరిగిపోయిందనుకో. పుట్టేది మగపిల్లాడైతే…”

“అత్తయ్యా!”

“నేనేమన్నానమ్మా? ఊరికే అన్నా.”

అతను లేచి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. నిద్రలేక కళ్ళ కింద నల్లబడ్డాయి. డ్యూటీ ఉన్న రోజుల్లో పోనీ అలసట అనుకోవచ్చు. ఇవాళ వారాంతపు సెలవు. సెలవు రోజున కూడా మనిషి పడుకోడు, తినడు, పిల్ల హోమ్‌వర్క్ చూడమంటే పుస్తకం తలకిందులుగా పట్టుకుంటాడు. ఇల్లాలు ఇవన్నీ చలికాలం నుంచి చూస్తూనే ఉంది. నిన్నటి వరకు ఉద్యోగం బరువు అనుకుంది. నిన్నటి నుంచి ప్రతిదానికీ వేరే అర్థం కనబడుతోంది.

తలుపు చప్పుడైంది. గౌను కోసం లైబ్రరీ మేడం వచ్చింది.

క్షణంలో ఇల్లు మారిపోయింది. ఇల్లాలు నవ్వింది, అత్తగారు నవ్వింది, మౌనస్వామి కూడా పెదాలు కొంచెం కదిపాడు. ఇంట్లో కొంపలంటుకున్నా పైవాళ్ళకి పొగ కనబడకూడదు కదా.

“నడుం దగ్గర కొంచెం వదులు చేయమన్నాను” అంది మేడం, అద్దంలో పక్కకి తిరిగి చూసుకుంటూ.

“చేశానండీ.”

“ఇంకొంచెం కావాలేమో. ఈ మధ్య ఊపిరి ఆడటం లేదు.”

ఇల్లాలు గుండుసూదులు నోట్లో పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరి నడుం ఎన్నో నెలలో ఎంత పెరుగుతుందో ఆమెకి టేపు లేకుండానే తెలుసు. ఆ మాట అక్కని అడిగే బదులు తననే అడిగి ఉండొచ్చు. తనని అడగలేదు. అసలు కోపం అక్కడుంది.

“సారు ఇవాళ ఇంట్లోనే ఉన్నారే? ఒంట్లో బాలేదా?”

“వాతావరణం మారింది కదండీ” అంది అత్తగారు.

“మ్యాపుల సెక్షన్ కదూ మీది? హాయైన ఉద్యోగం సార్. కొండలు, వాగులు, రోడ్లు. ఎవరి జోలీ లేదు, ఎవరి గొడవా లేదు.”

“అవునండీ” అన్నాడు అతను. పొద్దుటి నుంచి ఆ గదిలో అతను తడుముకోకుండా ఇచ్చిన జవాబు అదొక్కటే.

మేడం అటు వెళ్ళింది, నర్సక్క ఇటు వచ్చింది. పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, మందుల వాసన వేస్తోంది. అలవాటు ప్రకారం మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, మరిది ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చూడు మరిదీ. రాత్రంతా ఆలోచించాను. మా వార్డుకి మొగుళ్ళతో వచ్చేవాళ్ళున్నారు, మొగుళ్ళు లేకుండా వచ్చేవాళ్ళున్నారు. ఎవరికి ఎవరేమవుతారని నేనడగను. నొప్పులొస్తే అందరూ ఒకేలా అరుస్తారు. నీకు తీర్పు చెప్పడానికి రాలేదు. ఆ పిల్ల సంగతి చెప్పు.”

“ఆ పిల్ల సంగతా?” ఇల్లాలు విసురుగా తిరిగింది. “నా సంగతి ఎవరడుగుతారు?”

“నువ్వుండవే కాసేపు. ఇదే తొలి కాన్పా మరిదీ?”

అతను తల ఊపాడు. ఊపకూడదని ఊపాక తట్టింది.

“తిండి సరిగ్గా తింటోందా?”

“తెలీదు వదినా.”

“బరువులు మోయొద్దని చెప్పేవాళ్ళెవరూ లేరా?”

“ఒక ముసలావిడ ఉంది. ఆవిడ చెప్తూనే ఉంటుందనుకుంటా, చేతులు ఊపుతుంటుంది. ఈవిడ వినదు. నీళ్ళు దూరం. మధ్యలో రాతి గట్టు ఒకటి ఉంది, దాని మీద కూర్చుని లేస్తుంది. ఇదివరకు ఆగకుండా వచ్చేసేది.”

అత్తగారి చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది. కొడుకు ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఆవిడ విని ఎన్నాళ్ళయిందో. అవి ఎవరి గురించో అర్థమయ్యాక ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“రోజూ చూస్తున్నారన్నమాట” అంది ఇల్లాలు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నంతసేపూ బాగానే ఉంది. “అది ఎక్కడ కూర్చుంటుందో, ఎక్కడ లేస్తుందో, అన్నీ.”

“చెప్పలేను. చెప్పే వీల్లేదు.”

“కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని దాచుకుంటున్నారేమో, నా కాళ్ళ మీద ఎప్పుడో పడింది.” ఆమె టేపు మెడలోంచి తీసి మిషను మీద పెట్టింది. “మేడ మీద బట్టలున్నాయి. వచ్చి పట్టుకోండి.”

“నేనా?”

“మీరే. మేడెక్కి ఎన్ని నెలలైందో గుర్తుందా?”

గుర్తుంది. అతనికీ గుర్తుంది, ఆమెకీ గుర్తుంది. వేసవి రాత్రుళ్ళు చాప వేసుకుని పైన పడుకునే మనిషి, ఇప్పుడు చెత్తబుట్ట పెట్టడానికి వీధిలోకి వెళ్ళినా చూరు కిందనే నడుస్తాడు.

మేడ మీద ఎండ తగ్గుముఖం పట్టింది. ఇల్లాలు తీగ మీది దుప్పట్లు లాగి అతని చేతుల మీద వేస్తోంది. అతను నీళ్ళ ట్యాంకు నీడ దాటి రాలేదు. ఆమే బట్టలు పట్టుకుని అతని దాకా వెళ్ళి వస్తోంది.

“ఇక్కడ అత్తయ్య లేరు, అక్క లేదు. చెప్పు.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోట ‘నువ్వు’ రావడం అదే మొదటిసారి. ఇద్దరూ గమనించారు.

“నేను మ్యాపుల సెక్షన్‌లో లేను.”

“తెలుసు. మ్యాపులు గీసేవాళ్ళకి రాత్రి డ్యూటీలేంటి? అది కాదు నేనడిగింది.”

“అదే చెప్తున్నా. ఇది బయట పడితే ఉద్యోగం పోతుంది. లోపల కూడా పెడతారు.”

“పడకపోతే ఇల్లు పోతుంది. ఏది కావాలో చూసుకో.”

అతను దుప్పట్లు పిట్టగోడ మీద పెట్టాడు. ట్యాంకుకి వీపు ఆన్చి నిలబడ్డాడు.

“సరిహద్దు అవతల తిరిగే డ్రోన్లు తెలుసుగా. అందులో మనుషులుండరు. ఇక్కడ మా గదిలో కూర్చుని నడుపుతారు. నడిపేది పక్క కుర్చీ వాడు. కింద కెమెరా ఉంటుంది, అది నా చేతిలో ఉంటుంది. చలికాలం నుంచి నాకు ఒకటే ఇల్లు ఇచ్చారు. డ్యూటీ ఎక్కితే ఆ ఇల్లు, దిగితే ఈ ఇల్లు.”

“ఆ ఇంట్లో ఆవిడా?”

“ఆ. పేరు తెలీదు. అందరికీ ఏదో ఒక పేరు పెట్టుకుంటాం, లేకపోతే మాలో మాకు మాట్లాడుకోవడం కుదరదు. బిందెతో నీళ్ళకి వెళ్తుందని బిందెమ్మ అని పెట్టాం.”

“ఎలా ఉంటుంది?”

“మొహం కనబడదు. అంత ఎత్తు నుంచి నడక తెలుస్తుంది, నీడ తెలుస్తుంది. అంతే.”

“నీతో మాట్లాడిందా?”

“ఎలా మాట్లాడుతుంది?”

“ఫోన్‌లో?”

“నేనొకణ్ణి ఉన్నానని కూడా ఆవిడకి తెలీదు.”

ఇల్లాలు కాసేపు అతని మొహం చూసింది. అబద్ధం చెప్తే ఎడమ చెవి లాక్కుంటాడు. లాక్కోలేదు. ఆమె మెట్టు మీద కూర్చుంది. తర్వాత నవ్వొచ్చింది. మొదట చిన్నగా, ఆ తర్వాత ఆపుకోలేనంతగా, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది.

“అమ్మయ్య!” అంది కళ్ళు తుడుచుకుంటూ. “ఇంకా నయం. నిన్నటి నుంచి ఏ పాడు ఆలోచన వదిలిపెట్టలేదో చెప్పమంటారా? మీ అమ్మగారైతే బారసాలకి కూడా సిద్ధమైపోయారు.”

మళ్ళీ ‘మీరు’ వచ్చేసింది. అతను నవ్వలేదు.

“ఇంతకీ ఆవిడ ఇల్లు ఎందుకు చూస్తున్నారు?”

“మొగుడి కోసం.”

“ఏం చేశాడు?”

“రోడ్డు కింద బాంబు పెట్టాడు. బస్సు పోయింది. అందులో మనవాళ్ళు ఉన్నారు, ఎవరికీ ఏమీ కానివాళ్ళు కూడా ఉన్నారు. అది అబద్ధం కాదు. ఆ వీడియో కూడా నేను చూశాను.”

“దొరికితే?”

“దొరికితే పైనుంచి బాంబు వేస్తారు.”

“ఇంటి మీదా?”

“రోడ్డు మీద దొరకడు. ఇంటికొస్తేనే దొరుకుతాడు.”

ఇల్లాలి నవ్వు ఎక్కడ ఆగిందో ఆమెకే తెలియలేదు. ఇందాకటి ‘అమ్మయ్య’ ఇంకా నోట్లోనే ఉన్నట్టుంది. మొగుడు ఒక ఆడదాన్ని ప్రేమించడం లేదు, చంపబోతున్నాడంతే అని తెలిసి తను ఊపిరి పీల్చుకుంది. ఆ సంగతి తట్టగానే ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. కొంగుతో పెదాలు గట్టిగా తుడుచుకుంది.

“ఇంతకుముందు కూడా చేశారా ఇలా?”

“పోయినేడు ఒక ఇల్లు. పడ్డాక వెళ్ళిపోకూడదు, పైనే తిరుగుతూ చూడాలి. ఎవరు పోయారు, ఎందరు పోయారు చెప్పాలి. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి ఏరుకున్నారు. అంతా అయ్యేదాకా చూశాను.” అతను గొంతు సవరించుకున్నాడు. “ఆ రోజు వస్తూ పాల ప్యాకెట్లు తెచ్చాను. పెరుగు తెమ్మంటే పాలు తెచ్చానని పోట్లాడావు.”

ఆమెకి ఆ పోట్లాట గుర్తుంది. చిన్న విషయానికి మనిషి స్నానాల గదిలో తలుపేసుకుని చాలాసేపు బయటికి రాలేదు. అలిగాడనుకుంది. తనూ అలిగింది.

కింద నుంచి అత్తగారు ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు, గిన్నెల చప్పుడు వస్తున్నాయి. పక్క మేడ మీద ఎవరో బకెట్టు లాగుతున్నారు. ఇల్లాలు ఒక తువ్వాలు తీసి మడిచింది. మడిచినదాన్నే విప్పి మళ్ళీ మడిచింది.

“మన పిల్ల కడుపులో ఉన్నప్పుడు నేను నడుం పట్టుకుని నడిచానా?”

“నడిచే ఉంటావు.”

“నడిచే ఉంటాను!”

“అది కాదు…”

“ఎవరో ఊరూ పేరూ తెలియనిదాని బిందెలో నీళ్ళు ఎన్నున్నాయో చెప్పగలరు. ఇంట్లో పెళ్ళాన్ని ఒక్కరోజు అలా చూసిన పాపాన పోలేదు. అదంటే నాకు కోపం లేదు పాపం. కుళ్ళు, అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.”

“నేను అంతసేపు చూసిన ఇల్లు ఏదీ మిగల్లేదు.”

ఆమె తువ్వాలు పక్కన పెట్టింది. అతని చెయ్యి పట్టుకుంది. నీడ వదలని ఆ చెయ్యి చల్లగా ఉంది.

“ఆవిడ చేత్తో కుట్టుకుంటుంది” అన్నాడు అతను, ఎవరూ అడగకుండానే. “గుమ్మం ముందు కూర్చుని, వెలుతురు కోసం. తీగ మీద ఇంతింత చిన్న బట్టలు ఆరేసింది. వాటిని చూసే నాకు అనుమానం వచ్చింది. మా గదిలో ఎవరూ గమనించలేదు. నేనే కనిపెట్టాను, నేనే చెప్పాను.”

“ఎవరికి?”

“మా ఆఫీసర్‌కి. కడుపుతో ఉన్న మనిషి ఉందంటే ఆ ఇంటి జోలికి పోరనుకున్నాను. అంత తెలివితక్కువగా ఎలా అనుకున్నానో! ఆయన నా భుజం తట్టాడు. భేష్ అన్నాడు. ఎంత దుర్మార్గుడైనా తొలి బిడ్డని చూసుకోవడానికి రాకుండా ఉంటాడా, కాన్పు ఎప్పుడో తెలిస్తే వాడు ఎప్పుడొస్తాడో తెలిసినట్టే, కనుక్కో అన్నాడు.”

ఇల్లాలి వేళ్ళు అతని చేతిలోంచి జారిపోయాయి.

“అందుకా అక్కని అడిగారు?”

అతను తలదించుకున్నాడు.

“జాలిపడి అడిగారనుకున్నాను.”

“జాలి కూడా ఉంది.”

“అక్క చెప్పింది చెప్పేశారా?”

“మీటింగ్‌లో మా నర్సు వదిన మాటగా చెప్పాను. నెలాఖరుకి అటూ ఇటూగా అని.”

“అయ్యో.” ఆమె మెట్ల వైపు చూసింది. “మా అక్క చేతుల మీద ఈ ఊళ్ళో సగం మంది పుట్టారండీ.”

“తెలుసు.”

“వెనక్కి తీసుకోండి. రేపు వెళ్ళి తప్పు చెప్పానని చెప్పండి.”

“నేను మాట మారిస్తే మెత్తబడ్డాడంటారు. కుర్చీలోంచి లేపి ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. వాడికి బిందెమ్మకీ ఆ ముసలావిడకీ తేడా తెలీదు. కొత్తగా మిషన్ కూడా పెట్టారు, నడక చూసి మనిషిని అదే గుర్తుపడుతుంది. దానికి బిందెమ్మ నడక నేర్పింది కూడా నేనే.”

“మరి దారేది?”

“నా మాట వినరు. నర్సు మాటైతే వింటారు. రేపు పొద్దున ఆఫీసరే మీ అక్కకి ఫోన్ చేస్తానన్నాడు. ఎందుకో చెప్పరు, ఊరికే సలహా అడిగినట్టు అడుగుతారు. ఆవిడ అవునంటే ఏర్పాట్లు మొదలవుతాయి. నా పొరపాటు, ఆ నడకకి నడుం నొప్పి కూడా కారణం కావచ్చు, అసలు నెలలే నిండలేదేమో అందంటే, ఆ తేదీ పక్కన పెడతారు. వాడు వచ్చి బిడ్డని చూసుకుని వెళ్ళిపోతాడు.”

“అయితే అక్కతో చెప్పేద్దాం.”

“వాడు వెళ్ళిపోయాక ఇంకో బస్సు పోతే?”

ఇల్లాలు పిట్టగోడ మీంచి కింద వీధిలోకి చూసింది.

“అదే ఆలోచిస్తున్నా చాన్నాళ్ళుగా” అన్నాడు అతను. “ఎటు చెప్పినా ఎవరో ఒకరు పోతారు. ఒకవైపు వాళ్ళని నేను రోజూ చూస్తున్నాను, రెండోవైపు వాళ్ళు ఇంకా బస్సెక్కలేదు. అంతే తేడా. నాకు ఓపిక లేదు. నిజంగా లేదు.”

అతను ట్యాంకు మొదట్లో చతికిలబడ్డాడు. ఇల్లాలు వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ కాస్త నీడలో ఇద్దరూ ఇరుక్కుని కూర్చోవలసి వచ్చింది. ఏ దంపతులనైనా అలా చూసినవాళ్ళు అలక తీరిందనుకుంటారు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నర్సక్క మోకాళ్ళు పట్టుకుంటూ పైకి వచ్చింది. వాళ్ళిద్దర్నీ అలా చూసి మొహం విప్పారింది.

“సర్దుకున్నారా? నాకు తెలుసు. మీ అత్తగారు కింద మొక్కులు మొక్కుతున్నారు.” పిట్టగోడకి ఆనుకుని ఆయాసం తీర్చుకుంది. “వినండి, నేనొకటి నిశ్చయించుకున్నాను. ఎవరి తప్పో ఏమిటో మీరూ మీరూ తేల్చుకోండి. కడుపులో బిడ్డకి ఈ గొడవలేమీ తెలియవు. రేపు నాకు సెలవు. ఊరు చెప్పు మరిదీ, ఎంత దూరమైనా సరే. బిందెలు మోస్తోందన్నావు చూడు, నాకు నిద్రపట్టలేదు. వెళ్ళి చూసొస్తాను. వీలైతే నాతోనే తీసుకొచ్చేస్తాను. పురుడు నా చేతుల మీద పోస్తాను.”

మౌనస్వామి పెళ్ళాం వైపు చూశాడు.

“అక్కా” అంది ఇల్లాలు. “నువ్వు ఇలా వచ్చి కూర్చో.”

“కూర్చోవడానికి టైము లేదే. తొలి కాన్పు. నెలాఖరు అన్నానంటే నెలాఖరే. చేత్తో పట్టి చూడకపోయినా, నడక చెప్తే చాలు నాకు. ఇన్నేళ్ళలో నా లెక్క తప్పలేదు.”

“కూర్చో అక్కా.”

ఆ గొంతు విని నర్సక్క చెల్లెలి మొహం చూసింది, మరిది మొహం చూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ నీడలోకే వచ్చి కూర్చుంది.

“రేపు పొద్దున నీకు ఒక ఫోన్ వస్తుంది” అంది ఇల్లాలు. అక్క చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది. సబ్బుతో కడిగి కడిగి ఆ చేతులు బరకగా ఉన్నాయి. “ఈ ఒక్కసారికి నీ లెక్క తప్పాలి.”

నర్సక్క నవ్వేసింది.

“లెక్క తప్పడమేంటే పిచ్చిదానా? ఆగమంటే బిడ్డ ఆగుతుందా?”